దుమ్ము రాసిన వయసు

కోదాడ,
12 మార్చి 1993.

ఏమే అలివేలూ,

నేను జమునను. మిర్యాలగూడ ఆడపిల్లల హాస్టల్లో నీ ట్రంకుపెట్టెకు ఆనించి ఉన్న ట్రంకుపెట్టె నాది. పన్నెండేళ్లుగా ఒక్క ముక్క రాయనిదాన్ని, ఇప్పుడు అవసరం పడి రాస్తున్నాను. తిట్టుకుంటే తిట్టుకో, ఉత్తరం మాత్రం చివరిదాకా చదువు.

నీ జాడ ఎక్కడ దొరికిందో తెలుసా? మా ఆయన చొక్కా జేబులో. ఆయన పేరు జవహర్. కోదాడ అవతల కంకర క్రషర్‌లో పదమూడేళ్లుగా రాళ్లు పోస్తున్నాడు. నేను అంగన్‌వాడీ టీచర్ని. కిందటి నెల మీ సూర్యాపేట దవాఖాన వాళ్లు క్రషర్‌కు వచ్చి ఇరవై మూడు మంది చేత గొట్టంలోకి ఊదించి పోయారట. మేస్త్రీ ఐలయ్య తర్వాత తలా ఒక చీటీ ఇచ్చాడు. బట్టలు ఉతకబోతుంటే అది నా చేతికి వచ్చింది. "ఊపిరితిత్తులు నార్మల్, పనికి ఫిట్" అని రాసి ఉంది. కింద డాక్టరు సంతకం, పక్కన "పరీక్ష చేసినవారు: అలివేలు". ఆ "లు"కు తొండకు ఉన్నంత తోక పెట్టేది లోకంలో నువ్వొక్కదానివే.

అందుకే అడుగుతున్నాను. మా ఇల్లు కొంచెం గడ్డ మీద ఉంటుంది. పని నుంచి వస్తూ ఆయన రెండు చోట్ల ఆగుతాడు. ఎందుకని అడిగితే చెప్పు తెగిందంటాడు. రోజూ తెగే చెప్పు ఎక్కడన్నా ఉంటుందా? ఇక్కడి ఆర్.ఎం.పి. ఆస్తమా అని ఏడాదిగా గోళీలు ఇస్తున్నాడు, గుణం లేదు. ఫిట్ అని మీరు రాసిచ్చారు కాబట్టి ఉగాది నుంచి రాయికి బొక్కలు వేసే డ్రిల్లు మీద పెడతారట. డ్రిల్లు దగ్గర దుమ్ము ఇంకా ఎక్కువ. ఆయనకేమో ఎక్కడ లేని సంబరం.

నిజంగా నార్మలేనా? ఆస్తమా అయితే ఆస్తమా అను, టీబీ అయితే టీబీ అను. నీళ్లు నమలకుండా రాయి.

జమున


సూర్యాపేట,
20 మార్చి 1993.

జమునా,

బతికే ఉన్నావన్నమాట! నీ ఉత్తరం చదివి పేషెంట్ల ముందే పకపకా నవ్వాను. నా తోక సంగతి సరే, నీ నోటి దురుసు రవ్వంత కూడా తగ్గలేదు కదే.

ఆ ఇరవై మూడు మందిలో మీ ఆయన ఎవరో నాకు తెలియలేదు. అందరూ ఒక్క తీరే ఉన్నారు, తల నుంచి కాలి వేళ్ల దాకా తెల్లగా. పనిలోంచి లేచి వచ్చి ఊదారు, మళ్లీ పనిలోకి పోయారు. తెలిసి ఉంటే బావా అని పలకరించి నీ గుట్టంతా లాగి ఉండేదాన్ని.

నువ్వు భయపడేదేమీ లేదు. మా పరీక్షలో రెండు సంగతులు చూస్తాం. ఛాతీ నిండా పీల్చి ఊదితే మొత్తం ఎంత గాలి వచ్చింది, అందులో మొదటి సెకనులో ఎంత వచ్చింది. ఆస్తమా మనిషి సన్నమూతి కూజా అనుకో. లోపల నీళ్లుంటాయి, వంచితే మాత్రం సన్నగా, ఆలస్యంగా వస్తాయి. ఇంకో జాతి రోగాలున్నాయి. అవి చెంబు లాంటివి. వంచగానే నీళ్లు మొత్తం పడిపోతాయి, కానీ పట్టేదే కొంచెం. మీ ఆయన కాగితం తీసి చూశాను. మొదటి సెకనులోనే నూటికి ఎనభై ఎనిమిది వంతులు వచ్చేసింది. డెబ్బైకి తగ్గితేనే కూజా. కాబట్టి ఆస్తమా అనడానికి ఇందులో ఏమీ లేదు. చెంబూ కాదు. మొత్తం రెండున్నర లీటర్లు ఊదాడు. యాభై రెండేళ్ల మనిషి ఆ ఎత్తుకు మూడు లీటర్ల మీద కొంచెం ఊదాలంటుంది మిషన్. అంటే నూటికి ఎనభై. ఎనభై ఉంటే నార్మల్ కిందే రాస్తాం. ఆ వయసులో గడ్డ ఎక్కితే ఎవరికైనా ఆయాసం వస్తుంది. మిషన్ అబద్ధం చెప్పదు.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీకంటే ఇరవై ఏళ్లు పెద్దవాణ్ణి ఎట్లా చేసుకున్నావే? ఇంట్లోవాళ్లు బలవంతం చేశారా?

అలివేలు


కోదాడ,
29 మార్చి 1993.

అలివేలూ,

ఎవరికే యాభై రెండు?

నాకూ ఆయనకూ ఐదారేళ్ల కంటే ఎక్కువ తేడా లేదు. పెళ్లినాడు నన్ను ఎడ్లబండి ఎక్కించమంటే ఒక్క ఊపున ఎత్తి కూర్చోబెట్టాడు. ఆ మనిషిని పట్టుకొని ముసలివాణ్ణి చేస్తావా? నీ ఉత్తరం చదివి ఒళ్లు మండి, ఉన్నపళంగా క్రషర్‌కు పోయి ఐలయ్యను నిలదీశాను.

"నాకేం ఎరుకమ్మా. డాక్టరు సారు వయసులు గావాలంటే ఓటర్ల లిస్టు సూసి రాసిచ్చిన" అన్నాడు.

"ఓటర్ల లిస్టులో ఎవరు రాశారు?"

"రాసేటాయన స్కూటర్ దిగనే లేదు. పని నడుస్తుంటే వచ్చిండు. గా తల తెల్లగున్నోనికి యాభై రెండు, గీనికి యాభై అనుకుంట రాసుకొని పోయిండు. దుమ్ముల ఎవని తల నల్లగుంటది?"

విన్నావా? తల మీద రాతిపొడి చూసి వయసు రాశారు. ఆ వయసు చూసి నువ్వు నార్మల్ రాశావు. ఆ నార్మల్ చూసి ఉగాది మర్నాడు ఆయనను డ్రిల్లు మీద పెట్టారు. మీ మిషన్ అబద్ధం చెప్పదు సరే, దానికి చెప్పేవాళ్లు ఏం చెప్పారో నువ్వు చూసుకోవద్దా? నిన్న సాయంత్రం ఇంటికొస్తూ నాలుగు చోట్ల ఆగాడు. లెక్కపెట్టాను.

జమున


సూర్యాపేట,
6 ఏప్రిల్ 1993.

జమునా,

తప్పు నాది. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను.

ఊదించే ముందు మిషన్‌లో వయసు, ఎత్తు, ఆడా మగా అని నొక్కాలి. ఆ లెక్కన ఇంత ఊదాలి అని అదే చెబుతుంది. వయసు పెరిగేకొద్దీ అడిగేది తగ్గుతుంది. ఎత్తు నేనే కొలిచాను. వయసు మాత్రం లిస్టు చూసి టకటకా కొట్టుకుంటూ పోయాను. ఒక్కరినీ నోరు తెరిచి అడగలేదు.

నీ ఉత్తరం రాగానే మన ఈడుకు ఐదారేళ్లు కలిపి, ముప్పై ఏడు వేసి మళ్లీ లెక్క చూశాను. మూడున్నర లీటర్ల పైన రావాలి. వచ్చింది రెండున్నర. అంటే నూటికి డెబ్బై. గాలి ఆగకుండానే వస్తోంది, కానీ వచ్చేదే తక్కువ. జమునా, అది చెంబే.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే నాకు అన్నం సహించదు. ఆ రోజు ఒకాయన ఊదడం తొందరగా ఆపేశాడు. ఇంకా ఊదు, ఇంకా ఊదు అని నేను అరిచాను. "అయిపోయింది మేడం, ఇగ లేదు" అన్నాడు. పని ఎగ్గొడుతున్నాడనుకొని విసుక్కున్నాను. నా కాపీలో ఆ కాగితం మీద "శ్రద్ధగా ఊదలేదు" అని పెన్సిలుతో రాసుకున్నాను. అది మీ ఆయన కాగితమే.

ఐదారేళ్ల తేడా అనే అంచనా మీద మా డాక్టరుగారు సంతకం పెట్టిన కాగితాన్ని మార్చరు. ఆయన పుట్టిన ఏడు కచ్చితంగా కావాలి. బడి సర్టిఫికెట్ ఉందా? లేకపోతే ఎవరిని అడుగుతావో అడుగు. తొందరగా అడుగు.

అలివేలు


మిర్యాలగూడ,
18 ఏప్రిల్ 1993.

అలివేలూ,

బడి ముఖం చూసినవాడైతే కదా సర్టిఫికెట్! త్రిపురారం పక్కన మా తండాకు పోయి మా అత్త సాలిని అడిగాను. తిరిగి పోతూ మిర్యాలగూడ బస్టాండు బల్ల మీద కూర్చొని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే బల్లను తిట్టు.

లిస్టులో మీ కొడుక్కి యాభై రెండు రాశారత్తా అన్నాను. ముసల్ది చేటలో బియ్యం పక్కన పెట్టి లోపలికి పోయి రేషన్ కార్డు తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"సదువు. నాకెన్ని రాసిండ్రు?"

"యాభై."

"అంటే కొడుకు నాకన్న రెండేండ్లు పెద్దోడు. వాన్ని నేను కన్ననా, నన్ను వాడు కన్నడా?"

నవ్వు ఆపుకోలేకపోయాను. తర్వాత ఆమె చెప్పింది విని నా నెత్తి నేనే కొట్టుకున్నాను. చలికాలమట. సాగర్ డ్యాంకు నెహ్రూ రాయి వేస్తాడని మా మామ బాల్యా తండావాళ్లతో కలిసి నడిచి పోయాడట. నాలుగో రోజు తిరిగొచ్చేసరికి ఈమెకు కొడుకు పుట్టి ఉన్నాడు. ఏం పేరు పెడదామంటే, చూసొచ్చినాయన పేరే పెడదామన్నాడట. అందుకే జవహర్.

పన్నెండేళ్లుగా ఆ పేరు పిలుస్తున్నాను, ఎందుకు వచ్చిందని ఒక్కనాడు అడగలేదు. డ్యాంకు రాయి పడింది ఎప్పుడో హాస్టల్లో మనిద్దరం బట్టీ పట్టిందే కదా. 1955 డిసెంబరు. ఆయనకు ముప్పై ఏడు నిండి నాలుగు నెలలు. ఇది చాలదంటే మా అత్తనే మీ డాక్టరు ముందు నిలబెడతాను. తట్టుకుంటాడేమో అడిగి రాయి.

జమున


సూర్యాపేట,
26 ఏప్రిల్ 1993.

జమునా,

నీ ఉత్తరం ఇరవై ఒకటినే అందింది. మూడు రోజులు సొరుగులో దాచి ఉంచాను. చెబితే ఉద్యోగం పోతుందేమోనని భయం. మా నాయన ఉప్పలయ్య గొర్లు కాసి చదివించాడు, ఈ జీతం మీదే ఇల్లు ఉంది. నాలుగో రోజు సొరుగు తెరిస్తే నా రాత నాకే కనపడింది, "శ్రద్ధగా ఊదలేదు" అని. లేచి పోయి డాక్టరుగారికి రెండు కాగితాలూ, నీ ఉత్తరమూ ఇచ్చాను.

ఆయన మొత్తం చదివి కళ్లజోడు తీశారు. "మిగతా ఇరవై రెండు మంది వయసులూ ఆ లిస్టులోవేనా?" అన్నారు. అవునన్నాను. "లిస్టు నువ్వు కొట్టావు, సంతకం నేను పెట్టాను. ముందు అతన్ని రమ్మను. ఆ తర్వాత అందరినీ" అన్నారు.

క్రషర్ సేటుకు ఫోన్ చేశారు. ఒకసారి నార్మల్ అన్నరు గదా, మళ్లా పరీక్ష ఏంది, పని ఆపేది లేదన్నాడట. సరే, వాళ్లు ఆపకపోతే ఆగే రోజు ఒకటుంది. అమావాస్య నాడు క్రషర్లు తిరగవు కదా. మే 21 శుక్రవారం అమావాస్య. ఆ రోజు మా దగ్గర కూడా జనం ఉండరు, మంచిది కాదని రారు. బావను తీసుకొని పొద్దున్నే బస్సెక్కు. ఫీజు లేదు.

అలివేలు


కోదాడ,
15 మే 1993.

అలివేలూ,

తీసుకురావడమంటే కోడిపిల్లను సంకన పెట్టుకొని వచ్చినట్టు అనుకున్నావా? రెండు వారాలుగా ఇంట్లో యుద్ధం. ఆ ఫిట్ చీటీని ప్లాస్టిక్ కవరులో పెట్టి పెట్టె అడుగున దాచుకున్నాడు మహానుభావుడు.

"ఇరవై మూడు మందిల డ్రిల్లుకు నన్నే ఏరుకున్నరు. ఫిట్ అని రాసిచ్చినంక మళ్ల పోయి అన్‌ఫిట్ అని రాయించుకరమ్మంటవా? నాకేమైంది? జర దమ్మొస్తది, అంతే."

బతిమాలాను, ఏడ్చాను, అన్నం వండనన్నాను. వినలేదు. చివరికి మా అత్తకు కబురు పెట్టాను. నిన్న దిగింది. ఆయన పని నుంచి వచ్చి బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. ముసల్ది ఏమీ అడగలేదు. పోయి మెడ మీద చెయ్యి వేసి తల వంచి, "కొట్టు బోరింగు" అంది నాతో. నేను కొట్టాను. రెండు చేతులతో చిన్నపిల్లవాడికి పోసినట్టు పోసి రుద్దింది. గంజి వార్చినట్టు తెల్లటి నీళ్లు కారాయి. మూడు బకెట్లయ్యాక నల్లటి జుట్టు బయటపడింది. అక్కడక్కడ రెండు మూడు తెల్లవెంట్రుకలు, అంతే.

"గిది నేను కన్న తల. పైన ఉన్నది సేటు పెట్టిన తల. ఏ తలకు ఫిట్ అని రాసిండ్రో పోయి అడుగు" అంది.

ఆయన తుడుచుకోకుండా అట్లాగే కూర్చున్నాడు. నీళ్లు కారుతూనే ఉన్నాయి. "యాడీ, మెట్టు ఎక్కుతుంటే లోపల ఎవడో గుడ్డతోని బిగించి కట్టినట్టు అయితది. పని పోతదని చెప్పలే" అన్నాడు. అమ్మ ముందు ఆ మాట అంటుంటే ఏడ్చాడు అలివేలూ. నేనూ ఏడ్చాను. ముసల్ది మాత్రం ఏడవలేదు.

శుక్రవారం మొదటి బస్సుకే వస్తున్నాం. ముగ్గురం.

జమున


సూర్యాపేట,
12 జూన్ 1993.

జమునా,

బావ ముందు చెప్పలేనివి కొన్ని ఉన్నాయి, అందుకే ఈ ఉత్తరం.

ఆ రోజు నేను ముందు అడిగింది వయసే, నువ్వు చూశావు. ముప్పై ఏడు అని ఆయనే చెప్పాడు. మూడుసార్లు ఊదించాను, మూడుసార్లూ రెండున్నరే. పీల్చే మందు ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ ఊదించాను. ఆస్తమా అయితే పెరగాలి. పెరగలేదు. కళ్లెలో టీబీ పురుగు లేదు. ఎక్స్‌రేలో రెండు వైపులా పైభాగాన ఆవాలు చల్లినట్టు చుక్కలున్నాయి. ఊదే పరీక్ష రోగం పేరు చెప్పదు, ఏ దారిన వెతకాలో చెబుతుంది. పేరు హైదరాబాదు ఛాతీ దవాఖానవాళ్లు ఖాయం చేశారు. సిలికోసిస్. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి అవి గట్టిపడడం.

నీకు అబద్ధం చెప్పను. గట్టిపడింది మెత్తబడదు. అందుకు మందు లేదు. దుమ్ము మానేసినా కొంతమందికి ముదురుతుంది. మానకపోతే మాత్రం ముదరడం ఖాయం. అందుకని ఒక్క రోజు కూడా అక్కడికి పోనివ్వకు. ఏటా రెండుసార్లు తీసుకురా, నేను ఊదిస్తాను. టీబీ త్వరగా అంటుకుంటుంది కాబట్టి దగ్గు మారినా, జ్వరం వచ్చినా వెంటనే రావాలి.

ఫిబ్రవరిలో నేను ఒక్క మాట అడిగి ఉంటే ఆయన డ్రిల్లు పట్టేవాడు కాదు. ఉగాది నుంచి రెండు నెలల దుమ్ము నా ఖాతాలోదే. క్షమించమని అడగను, నువ్వు క్షమిస్తావని నాకు తెలుసు. అది నాకు చాలదు. 20వ తేదీ ఆదివారం అమావాస్య. మిగతా ఇరవై రెండు మందినీ పంపించు. బస్సుల్లో పంపుతావో, లారీ ఎక్కిస్తావో నీ ఇష్టం. ఒక్కరు కూడా తప్పిపోవద్దు.

పని సంగతి. నేరేడుచర్ల దగ్గర మా నాయన మంద ఉంది. మోకాళ్లు పట్టేసి ఆయనకు తోడు మనిషి కావాలి. బావను అడుగు.

అలివేలు


కోదాడ,
9 జూలై 1993.

అలివేలూ,

ఇరవై రెండు మందిని ఊదించి నీ గొంతు పోయిందని విన్నాను. అరవడం నీకు కొత్తేం కాదులే.

నువ్వు పిలిచి వయసు అడుగుతుంటే బయట వరండాలో పెద్ద పంచాయితీ నడిచింది తెలుసా? "కాలువకు నీళ్లిడిసిన యేడు నేను బర్ల కాడ ఉన్న", "అప్పటికి నా పెండ్లి కాలే" అని ఒకరి వయసు ఒకరు తేల్చారు. చంద్రుకు లిస్టులో నలభై ఎనిమిది. తేలింది ముప్పై ఒకటి. మా అత్త జడ్జి లాగా మధ్యలో కూర్చుంది.

తొమ్మిది మందివి చెంబులని నువ్వు రాసిచ్చిన కాగితాలు ఐలయ్య చేతికి ఇచ్చాం. అతనే పోయి సేటు బల్ల మీద పెట్టాడు. సేటు చింపేశాడు. అవి నకళ్లని ఆయనకు తెలియదు. మర్నాటి నుంచి ఇరవై రెండు మందీ పనికి పోలేదు. దుమ్ము లేవకుండా డ్రిల్లుకు నీళ్ల పైపు పెట్టేదాకా రామన్నారు. ఆ తొమ్మిది మందికీ దుమ్ము లేని చోట పని ఇవ్వాలన్నారు. పదకొండో రోజు పైపు వచ్చింది. పని సంగతి ఇంకా తెగలేదు. లేబర్ ఆఫీసుకు అర్జీ నేనే రాశాను, తోక లేని అక్షరాలతో.

మీ బావ మొదట "రాళ్లు కొట్టినోడు గొర్లు కాస్తడా" అని నవ్వాడు. వారమయింది, మీ నాయన దగ్గరే ఉన్నాడు. గొర్లు కూడా ఆగి ఆగి నడుస్తాయి కాబట్టి ఆయన ఆగినా ఎవరూ అడగరట.

జమున


సూర్యాపేట,
3 డిసెంబరు 1994.

జమునా,

నిన్న బావ వచ్చి ఊది పోయాడు. రెండు లీటర్ల నాలుగు వందల ఎనభై. పోయినసారి రెండున్నర. ఇరవై మిల్లీలీటర్ల తేడా తేడా కింద రాదు, ఊదిన ప్రతిసారీ అంత మారుతుంది. నిలబడి ఉంది. ఈ మాట నీకు నా చేత్తో రాయాలని ఆయన చేత చెప్పించలేదు.

మా దగ్గర ఇప్పుడు వయసు రాసే గడి పక్కన ఇంకో గడి గీశాం. "ఎవరు చెప్పారు" అని.

అలివేలు


కోదాడ,
5 ఫిబ్రవరి 1995.

అలివేలూ,

ఓటుకు ఫోటో కార్డులు ఇస్తున్నారు. మొన్న బడి దగ్గర ఫోటోలు తీశారు. మీ బావ నేరేడుచర్ల నుంచి ముందు రోజే వచ్చాడు. పొద్దున్నే బోరింగు దగ్గర తల రుద్దుకుంటున్నాడు. దుమ్ము ఏముందని రుద్దుతున్నావు, ఏడాదిన్నరగా గొర్ల వెంట తిరుగుతున్నావు కదా అంటే, ఉండనీ అన్నాడు. రెండు బకెట్లు పోసుకున్నాడు.

బడికి గడ్డ ఎక్కేటప్పుడు ఒక్కచోట ఆగాడు. చెప్పు తెగిందనలేదు. "దమ్ము తీసుకుంట ఆగు" అన్నాడు. ఆగాను.

బల్ల దగ్గర పాత లిస్టు పెట్టుకొని ఒక సారు రాస్తున్నాడు. మాకంటే ముందు చంద్రు ఉన్నాడు. అతను ఇప్పటికీ క్రషర్‌లోనే, పైపు దగ్గర; పనిలోంచి తెల్లటి తలతోనే వచ్చాడు. సారు తల ఎత్తి అతణ్ణి ఒక్క చూపు చూసి, లిస్టు చూసి, వయసు గడిలో కలం పెట్టాడు. మీ బావ పక్కనుంచి చెయ్యి చాపి ఆ రిజిస్టరు మీద పెట్టాడు. అరచెయ్యి మొత్తం పెట్టాడు. సారు కసిరాడు. చెయ్యి తియ్యలేదు. గొంతు కూడా పెంచలేదు, పెంచేంత గాలి లేదు ఆయనకు.

"సూసి రాయకు సారూ," అన్నాడు, "అడిగి రాయి."

జమున